మనుషుల్లేని విమానంలో మా రొయ్య పిల్లలు

మొన్న మా అమ్మాయి పట్టుబట్టి నన్ను విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు విమానంలో తీసుకువెళ్లింది. నెత్తిమీది అరలో సంచీ పెట్టుకునే చోటు కోసం ఇద్దరు పెద్దమనుషులు కీచులాడుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఇవే సీట్లలో మనిషన్నవాడు లేకుండా మందుల పెట్టెలు బెల్టులు పెట్టుకుని కూర్చుని దేశం తిరిగిన రోజులున్నాయని వాళ్లకు చెబుదామనుకున్నాను గానీ, అడగకుండా చెబితే చాదస్తమంటారని ఊరుకున్నాను. మీరు నా ఈడువాళ్లు, ఓపిగ్గా వింటారని మీకు చెబుతున్నాను.

మాది ఉప్పు మళ్ల ఊరు నౌపడ. మా చిన్నతనంలో అమ్మ ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, ధాన్యం తీసుకుని ఉప్పు కొలిచి పోసేది. కుంచం నిండి అంచుల మీంచి జారుతున్నా పైన ఇంకో గుప్పెడు వేసేది, అది వేయకపోతే ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు. ఆస్తిపాస్తులేమీ లేవు గానీ ఆ కొసరు బుద్ధి మాత్రం నాకు బాగా అబ్బింది. తర్వాత రణస్థలం దిగువన సముద్రం ఒడ్డున మా మేనత్త కొడుకు, అంటే మా బావ, రొయ్య పిల్లల హేచరీ పెట్టి ప్యాకింగ్ షెడ్డు నాకు అప్పగించినప్పుడు ఆ బుద్ధి నాతోపాటే అక్కడికీ వచ్చింది.

రొయ్య పిల్లంటే కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. ఒక గిన్నెలో ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుని, మిగతా గిన్నెలు కంటితో దానికి సరిపోల్చి, చల్లటి ఉప్పునీళ్లున్న పాలిథిన్ సంచుల్లో పోసి, ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి, థర్మోకోల్ పెట్టెల్లో సర్దేవాళ్లం. దారిలో కొన్ని చచ్చినా రైతు నష్టపోకూడదని ప్రతి సంచిలోనూ ఒక గిన్నె కొసరు వేయడం మా రివాజు. కుర్రకారు దాన్ని బోనస్ అనేవారు. దూరాలకు వెళ్లే పెట్టెలు విశాఖపట్నంలో ప్రయాణికుల విమానాల కింది అరలో ఎక్కి, సాయంత్రానికల్లా రైతు చెరువు గట్టున దిగిపోయేవి.

కరోనా రోజుల్లో ఆ విమానాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పిల్లలేమో ట్యాంకుల్లో ఎదిగిపోతున్నాయి, ఎదిగితే ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయి. బావ మనసు రాయి చేసుకుని ఒక్కో ట్యాంకే క్లోరిన్ వేసి పారబోయించడం మొదలుపెట్టాడు. అదే సమయంలో గుజరాత్ నుంచి ఒక రైతు నాకు రోజూ ఫోన్ చేసేవాడు. ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే పిల్లలు తీసుకునేవాడు, ముఖం చూసింది లేదు, నేను భాయ్ అనేవాణ్ణి, ఆయనా నన్ను భాయ్ అనేవాడు. ఆయనకున్నది ఒకే ఒక్క చెరువు. నీళ్లు పెట్టి సిద్ధం చేసుకున్నాడు, వానలు పడేలోపు పిల్లలు దిగకపోతే ఆ ఏడాది ఇల్లు గడిచే దారి లేదు. నా వచ్చీరాని హిందీలో ధైర్యం చెప్పడం తప్ప నేను చేయగలిగిందేమీ ఉండేది కాదు.

ఇంతలో విమానాల కంపెనీలవాళ్లు, ఎక్కే జనం లేరు గనుక, ఖాళీ విమానాల్లో సరుకులు మాత్రమే వేసుకుని తిప్పుతున్నారని కబురొచ్చింది. కరోనా భయంతో ఇళ్లలో ఉండిపోయిన మా షెడ్డు ఆడవాళ్లను బతిమాలి పిలిపించి ప్యాకింగ్ మొదలుపెట్టాం. ఇన్నాళ్లు ఎదురుచూసిన మనిషి కదా అని నా ప్రాణం ఆగక, సంచికి మామూలు కొసరు మీద ఇంకో రెండు గిన్నెలు వేయించాను. ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు మా వదిన, మా అన్నగారి భార్య. ఆమె ఏదో అనబోతే పని ఆలస్యమవుతుందని కసిరాను. పెట్టెలు దించాక విమానాశ్రయంలో సరుకుల ఆఫీసతను తన ఫోనులో లోపలి ఫొటో చూపించాడు. వరసలు వరసలుగా సీట్ల మీద అట్టపెట్టెలు, వాటి మీద వలలు, బెల్టులు. మన పిల్లలు వీటి కింద హాయిగా వెళతాయనుకుని అక్కడి నుంచే భాయ్‌కి ఫోన్ చేసి, బోనస్ బాగా వేశానని గొప్పగా చెప్పుకున్నాను. ఆయన సంతోషం అంతా ఇంతా కాదు.

జనం ఎక్కే విమానానికి ఒక వేళంటూ ఉంటుంది. సరుకుల విమానానికి సరుకు నిండడమే వేళ. అది సాయంత్రం దాకా కదలలేదు, మధ్యలో ఇంకో ఊళ్లో దిగి మళ్లీ సరుకు ఎక్కించుకుంది. మర్నాడు పొద్దున్న భాయ్ పంపిన వీడియోలో ఆయన చెయ్యి ఒక్కో సంచీ మూతి విప్పుతోంది, ప్రతి సంచిలోనూ పిల్లలు అడుగున తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు, విమానంవాళ్లు ఎండలో పెట్టి చంపేశారన్నాడు. అవును భాయ్, వాళ్లే అన్నాను నేను.

ఫోన్ పెట్టేసి షెడ్డులోకొచ్చి విమానాన్ని నాలుగు తిట్లు తిడుతుంటే వదిన చేతిలో పని ఆపింది.

“ఇమానాన్నంటావేటి మరిదీ? నువ్వేసిన కొసరుకి ఆటికి ఊపిరాడలేదు. సంచీలో గాలి ఏపాటి ఉంటాది? ఒక పూటకైతే సరిపోయేది, అన్ని గంటలు అన్నీ ఆ గాలే పీల్సుకోవాల కదా. ఆవేళ సెప్పబోతే నువ్వింటేనా!”

ఆ మాట నిజమని వినగానే తెలిసిపోయింది. ఊపిరి కోసం లోకమంతా సిలిండర్లు వెతుక్కుంటున్న రోజుల్లో నేను చేసిన పని అది.

బావ దగ్గర ఇంకొక్క ట్యాంకే మిగిలింది. అది భాయ్‌కే పంపుదామన్నాడు. విమానంలో దొరికిన చోటు మునుపటంతే. ఈసారి సంచికి మామూలులో సగం పిల్లలు, నీళ్లెక్కువ, ఆక్సిజన్ ఎక్కువ. లెక్క తెలుస్తూనే ఉంది, అయినా నా చెయ్యి నా మాట వినకుండా గిన్నె మీదికే పోతోంది. వదిన చూసి చూసి గిన్నె లాక్కుంది.

“నువ్వవతలకెల్లి రబ్బరు బేండ్లెయ్యి మరిదీ.”

బుద్ధిగా వెళ్లి అదే పని చేశాను. పెట్టెలు ఎక్కాక, ఈసారి తక్కువున్నాయని భాయ్‌కి చెప్పాను. ఎందుకని అడిగాడు. నిజం చెబితే మొదటిసారి ఏం జరిగిందో కూడా చెప్పాలి. అంతకన్నా లేవు భాయ్ అనేశాను. ఎన్నొస్తే అన్నే చాలన్నాడు.

ఆ విమానమూ ఆలస్యంగానే వెళ్లింది. మర్నాడు వచ్చిన వీడియోలో నీళ్లన్నీ సన్నగా చిటపటలాడుతున్నాయి. అన్నీ బతికే ఉన్నాయి. షెడ్డు వెనక్కి వెళ్లి చాలాసేపు ఏడ్చాను. చెరువు పలచగానే వేసినా ఆ ఏడు ఆయన గట్టెక్కాడు.

విమానాలకు మళ్లీ మనుషులొచ్చారు, వేళలొచ్చాయి. నేను మానేశాక హేచరీలో పిల్లల్ని కెమెరాతో లెక్కపెట్టే మిషను పెట్టారు, ఎంతసేపు ప్రయాణమో చూసి అన్నే పోస్తారు, ఒక్కటి ఎక్కువ పడదు. అదే సరైన పద్ధతి, నేను కాదనను. కానీ ఎదుటివాడికి ఇంకొంచెం వేద్దామని చెయ్యి తొందరపడటం అనేదొకటి ఉండేది మనకి, అది ఆ షెడ్డులో ఇక కనబడదు, కనబడకూడదు కూడా. ఆ సంగతి తలచుకుంటే మాత్రం బెంగగా ఉంటుంది.

భాయ్ ఇప్పటికీ దీపావళికి ఫోన్ చేస్తాడు. రెండోసారి ఉన్నదంతా ఊడ్చి తనకే పంపానంటాడు. మొదటిసారి అడక్కుండానే అంత బోనస్ వేసిన మనిషిని మళ్లీ చూడలేదంటాడు, ఆ మాయదారి విమానమే మీ మంచితనాన్ని మట్టిపాలు చేసిందని ఇంకా తిడతాడు. ఈసారైనా చెప్పేయాలని ప్రతి ఏడూ అనుకుంటాను. ఆయన పొంగిపోయి చెబుతుంటే నోరు రాదు, అవును భాయ్ అంటాను.