గోలికి నాగా లేదు

మా పక్క క్వార్టర్ అక్కను తలచుకుంటే, ముఖంకన్నా ముందు ఆమె మాట గుర్తొస్తుంది: "మింగినవా?"

ఆమె భర్తకు మూర్ఛ. ఆ సంగతి బయటపడ్డాక ఆయన్ను బొగ్గుబాయిలోంచి తీసి నేల మీద పైపనిలో వేశారు. ఆయనేమో రోజూ వేసుకోవాల్సిన మందుగోలిని డ్యూటీకి ముడిపెట్టుకున్నాడు. టిఫిన్ డబ్బా సర్దుకునేటప్పుడే గోలి వేసుకునేవాడు. సెలవు రోజు డబ్బా లేదు, గోలీ లేదు. అలాంటి ఒక ఆదివారం నల్లా దగ్గర బిందెతో సహా పడిపోయాడు.

గోలి ఎందుకు వేసుకోలేదని దవాఖానలో డాక్టరమ్మ అడిగింది.

"ఇయ్యాల డ్యూటీ లేదు గద మేడం," అన్నాడాయన.

డాక్టరమ్మ తల పట్టుకుంది. మంచిగున్నా సరే, మమ్మల్ని అడక్కుండా ఒక్కరోజు కూడా ఆపొద్దంది.

పని ఎగ్గొట్టడాన్ని మా దగ్గర నాగా అంటారు. బయటికి రాగానే అక్క ఆ మాటే అందుకుంది. "డ్యూటీకి నాగా పెడ్తే పెట్టు. గోలికి మాత్రం పెట్టకు."

ఆ తర్వాత షిఫ్టులు మారినా గోలి వేళను ఆమె మారనివ్వలేదు. ఆయన డ్యూటీలో ఉంటే ఫోన్ చేసి అడిగేది. ఇంట్లో ఉంటే నోరు తెరిపించి చూసేది. పుట్టింటికి పోవడమే మానేసింది. "నేను పోతే ఎవరు అడుగుతరు?" అనేది.

ఒక సాయంత్రం గడపలో కూర్చుని, తలుపుకు తల ఆనించి నిద్రపోయింది. లోపల గ్లాసు చప్పుడైంది. కళ్లు తెరవకుండానే గొణిగింది, "మింగినవా?"

ఆయన బయటికొచ్చి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. మూసి ఉన్న ఆ కళ్లకు నోరు తెరిచి చూపించాడు.