బాబాయి కుర్చీల పరీక్ష

ఆరుబయట వేసిన ఏ కుర్చీనీ మా బాబాయి నమ్మడు. కూర్చుంటాడు, లేస్తాడు. మళ్ళీ కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. ఎదురుగా ఎవరున్నారు, ఏం మాట్లాడుతున్నారు అన్నది ఆయనకి అనవసరం.

"ఉద్యోగమంతా బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. కూర్చోవడం చేతకాదు, పాపం," అంటుంది మా పిన్ని. ఆ పాపంలో జాలి లేదు, వెటకారం ఉంది.

ఆ ఇంట్లో నవ్వొచ్చే సంగతి అదొక్కటే. మిగతాదంతా ముసురు. పోయిన వానాకాలం పెరట్లో పాత ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగి పిన్ని పడింది. చూడ్డానికి బాగానే ఉండేది, ఎండకి ఎండి పెళుసెక్కిందని ఎవరికీ తెలీలేదు. తుంటి ఎముక విరిగింది. అదైతే అతుక్కుంది గానీ మనిషి కోలుకోలేదు. కాలు బిగుసుకుపోయి, గోడ పట్టుకుని ఇంట్లో నడుస్తుంది, అంతే. ఒకసారి ధైర్యం చేసి పెరట్లోకి వస్తే, పేము కుర్చీలో కూరుకుపోయి లేవలేకపోయింది. పక్కింటివాళ్ళు ఇద్దరొచ్చి చెరో రెక్కా పట్టి లేపారు. ఆ రోజు మంచమెక్కింది, మళ్ళీ పెరటి గడప దాటితే ఒట్టు.

సాయంత్రమైతే ఆ పెరట్లో టీ గ్లాసులూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళ నవ్వులూ ఉండేవి. ఇప్పుడు నాచుంది. ఉద్యోగం కోసం వాళ్ళింట్లో ఉంటున్నదాన్ని, నాకు ఆఫీసు నుంచి ఇంటికి రాబుద్ధయ్యేది కాదు.

"రా పిన్నీ, కాసేపు బయట కూర్చుందాం," అని బతిమాలేదాన్ని.

"కూర్చుంటాను సరే. లేవడానికి క్రేను పిలుస్తావా?" అని గోడవైపు తిరిగేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాబాయికి కుర్చీల పిచ్చి ముదిరింది. పెళ్ళాం మంచంలో ఉంటే, ఈయన పెరటికి కుర్చీలు ఎంచుతున్నాడు! నాకు ఒళ్ళు మండింది. అయినా ఒక ఆదివారం తోడు రమ్మంటే కాదనలేక వెళ్ళాను. చేతిలో చీపురు కర్ర ముక్క ఒకటి పట్టుకొచ్చాడు. దుకాణం గుమ్మంలోనే కాపలా మనిషి ఆపాడు.

"కర్రతో లోపలికి వెళ్ళకూడదండీ."

"ఏం, మీ కుర్చీలు భయపడతాయా?"

యజమాని చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు. "ఇది చూడండి సార్, ఎండా వానా దీన్నేం చెయ్యలేవు."

బాబాయి కర్ర పక్కన నిలబెట్టి చూశాడు. "పొట్టి."

"పోనీ ఇది? అసలు సిసలు ఇనుము."

"రంగు ఒక్కచోట పెచ్చు లేచిందంటే తుప్పు. పైగా వానలో జారుతుంది."

"ఈ పేముది చూడండి, ఎంత మెత్తగా ఉందో!"

"మెత్తగా మింగేస్తుంది."

"ఊగే కుర్చీ?"

"లేచేటప్పుడు అది ఎటు ఊగుతుందో నువ్వు పూచీ ఉంటావా?"

అన్ని కుర్చీల్లోనూ కూర్చుని లేచాడు. కొన్నిట్లో మళ్ళీ వెనక్కొచ్చి మరీ కూర్చుని లేచాడు. యజమాని నన్ను పక్కకి పిలిచి, "డాక్టరేమైనా గుంజీళ్ళు తియ్యమన్నారా అమ్మా ఈయన్ని?" అనడిగాడు. తల కొట్టేసినట్టయింది.

అది నయం. వీధి చివర టైలరు పోయినప్పుడు ఇంకా ఘోరం. వాకిట్లో అద్దె కుర్చీలు వేశారు. అందరూ తలలు వంచుకుని కూర్చుంటే, ఈయన కూర్చున్నాడు, లేచాడు, పక్క కుర్చీకి మారాడు, కూర్చున్నాడు, లేచాడు. పోయినాయన కొడుకు గబగబా వచ్చి భుజాలు పట్టుకున్నాడు.

"ఊరుకోండి. మీరే ఇంత ఇదైపోతే మేమేం కావాలి?"

"అది సరే గానీ బాబూ, ఈ కుర్చీ చేతులు మరీ ఇంత వెనక్కి పెట్టారేంటి?"

ఆ తర్వాత చాలా రోజులు నేను ఆ వీధిలో తలెత్తుకుని నడవలేదు.

చివరికి దుకాణాల మీద ఆశ వదిలేసి, వడ్రంగి దగ్గర టేకు కుర్చీ చేయించడం మొదలెట్టాడు. చెక్కకి నీళ్ళు పట్టకుండా ఉండాలని అవిసె నూనె డబ్బా ఇంటికి తెచ్చి, ముక్కా ముక్కా తీసుకొచ్చి పట్టించేవాడు. ఆరబెట్టేవాడు, మళ్ళీ పట్టించేవాడు. ఇల్లంతా నూనె కంపు. బయట ఆగని వాన. ఒక సాయంత్రం కాఫీ ఇద్దామని గదిలోకి వెళ్తే పిన్ని కళ్ళు తుడుచుకుంటోంది.

"నా కాళ్ళకి రాసిన నూనెకన్నా ఆ కుర్చీ కాళ్ళకే ఎక్కువ రాశాడే. నేను పోతే, దాంట్లో దర్జాగా కూర్చుని సాగనంపుతాడు కాబోలు."

ఇక ఊరుకోలేకపోయాను. గొడుగు తీసుకుని, దారి పొడుగునా తిట్లు కూడబలుక్కుంటూ వడ్రంగి షెడ్డుకి వెళ్ళాను. అక్కడ బాబాయి కుడి మోకాలికి తువ్వాలు బిగించి కట్టుకుని, కాలు కర్రలా చాపుకుని, సగం చేసిన కుర్చీలోంచి లేవడానికి అవస్థ పడుతున్నాడు.

"మీరైనా చెప్పండమ్మా," అన్నాడు వడ్రంగి నన్ను చూడగానే. "ఈ చేతులు విప్పి బిగించలేక చస్తున్నాను. మొన్న ముందుకి జరపమన్నారు, ఇవాళ ఇంకాస్త ముందుకట."

"కాలికేమైంది బాబాయ్?"

"ఏమీ కాలేదే, నిక్షేపంలా ఉంది. అందుకే కట్టాల్సొచ్చింది. మీ పిన్నికి ఆ కాలు మడత పడదుగా. నాకు మడత పడితే దాని బాధ నాకేం తెలుస్తుంది?"

"మరి ఆ చీపురు కర్ర?"

"మీ పిన్ని మంచం ఎత్తు. మంచం మీంచైతే ఎవరి సాయం లేకుండా లేస్తుంది కదా!" కుర్చీ చేతుల మీద బరువు వేసి, మూలుగుతూ లేచి నిలబడ్డాడు. "కూర్చోడానికి కుర్చీ ఎవడైనా చేస్తాడే. లేవడానికి చేసినవాడు ఒక్కడూ దొరకలేదు."

"ఈ ముక్క పిన్నితో చెప్పొచ్చు కదా!"

"చెప్పి ఆశ పెట్టాక, తీరా కుదరకపోతే? మళ్ళీ చెరో రెక్కా పట్టి లేపమంటావా? ఆ రోజు దాని మొహం నువ్వు చూళ్ళేదు."

కూడబలుక్కున్న తిట్లన్నీ మింగేశాను. నాకు ఏడుపొచ్చింది, నూనె కంపు మీదకి నెట్టేశాను.

వాన కాస్త తెరిపిచ్చిన రోజున కుర్చీ పెరట్లోకి వచ్చింది. ఎత్తుగా, బరువుగా, కాళ్ళు ఎడంగా చాపుకుని, చేతులు ముందుకి పెట్టుకుని ఉంది. అందం మాట ఎత్తకూడదు. గోడ మీంచి తొంగి చూస్తున్న పక్కింటివాళ్ళని బాబాయి తోలేశాడు. నన్ను వంటింట్లోకి తరిమాడు. పిన్ని గదివైపు తిరిగి, "చెక్క ఎలా ఉందో ఓసారి చూసి ఏడు. నాకు నాచు గీకే పనుంది," అని కేకేసి, పెరటి చివరికి పోయి వీపు తిప్పుకుని కూర్చున్నాడు.

తిట్టడానికే వచ్చింది పిన్ని, ఆ నడకలోనే తెలిసింది. కుర్చీ దగ్గర ఆగింది. చుట్టూ చూసింది. బాబాయి వీపు తప్ప ఎవరూ లేరు. మెల్లిగా కూర్చుంది. కాసేపటికి రెండు చేతులూ ఆనించి, పెదవి కొరుక్కుని, లేచింది. ఒక్కత్తే లేచింది! వంటింటి కిటికీ వెనకనుంచి నేను చూస్తూనే ఉన్నాను. బాబాయి గీకినచోటే గీకుతున్నాడు, అక్కడ నాచు ఎప్పుడో పోయింది.

పిన్ని నిలబడి ఆ కుర్చీని పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ కూర్చుంది.

"ఏమండీ."

"ఊఁ."

"ఇది మీకోసం కాదు కదూ?"

"నాకెందుకు? నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు ఇటు తిరక్కుండానే.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. బాబాయి గీకుడు పుల్ల పారేసి, కుర్చీ మీద కప్పడానికి కుట్టించిన పట్టా లాక్కుని పరుగెత్తుకొచ్చాడు.

"లే, లే! నూనె నిన్ననే పట్టించాను, చెక్క తడిసిపోతుంది!"

పిన్ని వెనక్కి జారగిలబడి, కుర్చీ చేతుల మీద చేతులు చాపుకుంది.

"నేను లేవను పొండి."

బాబాయి ఆకాశాన్నీ, కుర్చీనీ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. పట్టా విప్పి, ఆవిడ నెత్తి మీద రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వానలో నిలబడ్డాడు.

"కాస్త ఇటు పట్టండి," అంది పిన్ని, "భుజం తడుస్తోంది."