నా సవతి ఎండుగడ్డి

కొత్తగా కాపురానికి వెళ్లిన ఆ రోజుల్లో నా స్నేహితురాళ్లందరికీ ఎవరో ఒకరి మీద అసూయ ఉండేది. ఒకతెకు ఆడబిడ్డ నగల మీద, ఇంకొకతెకు మొగుడితో కాలేజీలో చదివిన అమ్మాయి మీద. ఫోన్లో గంటల తరబడి చెప్పుకుని ముక్కు చీదేవాళ్లు. నేను ఊకొడుతూ వినేదాన్నే తప్ప నా సంగతి బయటపెట్టేదాన్ని కాదు. ఎలా పెట్టను? నేను కుళ్లుకుంటున్నది గడ్డిని చూసి. (నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.)

ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన నాకు పాలంటే ప్యాకెట్, గడ్డంటే దారి పక్కన మొలిచేది. పెళ్లై చాపాడు దగ్గరి పల్లెకు వచ్చాకే అందులో ఇంత వ్యవహారం ఉందని తెలిసింది. వరి కోశాక మిగిలే గడ్డి కాదిది. మా ఆయన బర్రెల కోసమే బోరు కింద పెంచి, పూత రాకముందే కోసి, పచ్చరంగు పోకుండా ఆరబెట్టి, ఎండాకాలానికి దాచే గడ్డి. పొద్దున మంచు ఆరేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత తిరగేయడం, మధ్యాహ్నం మళ్లీ తిరగేయడం, "మెల్లగప్పా, ఆకు రాలిపోతాది" అని కూలీలను బతిమాలడం. సాయంత్రం గుప్పెడు తీసి మెలిపెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఆహా! శానా బాగుండాది" అనేవాడు. ఆ కళ్లు మూసుకోవడం ఉంది చూశారూ, అదే నా ఒళ్లు మండించేది.

ఆ మాట నా వంట గురించి ఒక్కసారి అంటే చాలనుకున్నాను. ఉగ్గాని చేశాను, అలసంద వడలు చేశాను, చెనిక్కాయల పొడి కొట్టాను. "ఎట్లుండాది?" అంటే తలెత్తకుండా "ఊ" అనేవాడు. వడకూ అదే ఊ, చారుకూ అదే ఊ. ఇది చాలదన్నట్టు ఒకరోజు ఫోన్ తెర మీద మా పెళ్లిఫోటో తీసేసి గడ్డివామి ఫోటో పెట్టుకున్నాడు. (ఏందిది అని నిలదీస్తే, "నువ్వు రోజూ కనపడతానే ఉండావు గదా" అన్నాడు. ఏ పెళ్లాం ఊరుకుంటుందో మీరే చెప్పండి.)

సరే, తేల్చుకుందామనుకున్నాను. మరునాడు పప్పులో ఉప్పు వేయలేదు. తక్కువ వేయడం కాదు, అసలు వేయలేదు. ఆయన రెండోసారి కూడా అన్నం పెట్టించుకుని ఆ పప్పే కలుపుకుని తిన్నాడు. "ఎట్లుండాది?" "ఊ." చెయ్యి కడుక్కుని నేరుగా ఇంటి పక్క మడిలోకి పోయి, ఆరేసిన గడ్డిలోంచి ఒక పోచ తీసి నమిలి, "రోంత చేదొచ్చిందే. ఇంకా ముందే కోసుండాల్సింది" అని దిగాలుగా నిలబడ్డాడు. ఉప్పులేని పప్పు తెలియని నాలుకకు గడ్డిపోచలో రవ్వంత చేదు తెలిసింది! ఆరోజు వంటింట్లో తలుపు వేసుకుని ఏడ్చాను.

మళ్లీ కోత వచ్చింది. గడ్డి బాగా ఆరింది, ఇక వామి వేయడమే తరువాయి. అదేరోజు మోటారు చెడిపోతే ఆయన దాన్ని బాగుచేయించుకురావడానికి జమ్మలమడుగు పోయాడు. మధ్యాహ్నానికి ఎర్రగుంట్ల దిక్కునుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మా అత్త మోకాళ్లు పట్టుకుని లేచి, "మ్మే, వాన వస్తాంది! కసువు తడిస్తే బూజు పడతాది, ఎనుములు మూతి గూడా పెట్టవు. పా, పా!" అని కేకలేసింది. (ఇక్కడ గడ్డిని కసువంటారు, బర్రెల్ని ఎనుములంటారు.) నేను గట్టు మీద నిలబడిపోయాను. తడవనీ, బూజు పట్టనీ అనుకున్నాను. సవతి వానలో తడుస్తుంటే గొడుగు పట్టే ఆడది ఎక్కడైనా ఉంటుందా? అయితే పోయే ముందు దీనిలో అంత ఏముందో చూద్దామని గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొత్త బెల్లం కుండ మూత తీసినట్టు వాసన. నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

"ఏంది, నిలబడి నిద్రపోతాండావా?" అని అత్త గదమాయించేసరికి ఈ లోకంలోకి వచ్చాను. ఇక చూసుకోండి, కొంగు బిగించి నేను మోసిన మోత! టార్పాలిన్ పట్టలు చాలలేదు. మిగిలినదాన్ని దుప్పట్లలో మూటలు కట్టి ఇంట్లోకి లాగాను. వసారా నిండింది. పడకగదీ నిండింది. మంచం బయట చూరు కిందికి పోయింది. (సవతిని నా చేతులతో నేనే పడకగదిలో పెట్టుకున్నానన్న మాట.)

ఆయన తడిసి ముద్దై వచ్చాడు. నేను తడిశానా లేదా అని చూడకుండా గదిలోకి పోయి, గుప్పెడు తీసి మెలిపెట్టి, వాసన చూసి, "శానా బాగుండాదే! ఎవురెత్తినారు?" అన్నాడు. "ఇంగెవురు, నీ పెండ్లామే" అంది అత్త. ఆయన వెనక్కి తిరిగి, జుట్టునిండా గడ్డిపోచలతో ఉన్న నన్ను కాసేపు చూశాడు. ఆ రోజు వంట లేదు. అందరం బొరుగులు తిన్నాం. అంత రుచైన బొరుగులు నేను మళ్లీ తినలేదు.

ఇప్పుడు గడ్డి పనంతా నాదే. పులివెందుల నుంచి కూడా వచ్చి ఎట్లా ఆరబెడతాండావమ్మా అని అడిగిపోతుంటారు. మొన్న కోత హడావిడిలో నాకు తీరిక లేకపోతే ఆయనే పప్పు వండాడు. నేను మబ్బు వైపు చూస్తూ తింటున్నాను.

"ఎట్లుండాది?" అన్నాడు.

"ఊ."

"దాంట్లో ఉప్పెయ్యలేదు మ్మే" అని నవ్వాడు.

చేతిలో ముద్ద ఆగిపోయింది. "అంటే, ఆ పొద్దు నీకు తెలిసిందా మామా?"

"తెలీకేం? గొంతు దిగనంటే దిగనన్నది."

"మరి కసువు చేదని ఊరంతా చెప్తివే, పప్పు సంగతి నాకు చెప్పలేదేం?"

"కసువు ఏడ్చదు గదా" అన్నాడు.

ఆయన రెండోసారి పెట్టించుకున్న అన్నం అప్పుడు గుర్తొచ్చింది. తలుపు వేసుకుని ఏడ్చిన ఆ పిచ్చిపిల్లను తలుచుకుని నవ్వుకుంటూ, ఉప్పు అడగకుండానే ఇంకొంచెం పప్పు వేయించుకున్నాను.