నాలుగో షాట్‌లోని చెయ్యి

1996లో నేను దక్షిణాఫ్రికాలోని వెరులంలో పనిచేస్తున్నాను. డర్బన్‌కి ఉత్తరాన, చెరకు తోటల మధ్య పెరిగిన పాత ఊరది. మెయిన్ రోడ్డులో బట్టల షాపు పై అంతస్తులో మా ఫిజియోథెరపీ క్లినిక్. వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్ళయింది. మేం అనకాపల్లి నుంచి వచ్చి ఏడాది. మా ఆయనకి డర్బన్‌లో ఉద్యోగం. నాది ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, అంటే కొంతకాలం ఏ మచ్చా లేకుండా పనిచేసి చూపిస్తేనే శాశ్వతమయ్యే అనుమతి. అందుకని ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా రెండుసార్లు చదివేదాన్ని.

ఆ చలికాలంలో అప్పల్సామి నాయుడు గారు వచ్చారు. అరవై రెండేళ్ళ మనిషి. పక్క ఊరు ఒట్టావాలో భార్యతో ఉంటున్నారు. చెప్పుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాక అది మూతపడింది. బస్సు దిగుతూ పడితే ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాల తర్వాత ప్లాస్టర్ తీసేసరికి చెయ్యి చెక్కలా బిగుసుకుపోయింది.

"అమ్మీ, నాకి ఈ సెయ్యి మళ్ళీ కావాల" అన్నారు తెలుగులో.

రాస్తున్నదాన్నల్లా తలెత్తి చూశాను. అచ్చం మా అమ్మమ్మ మాట. ఆయన తాతని చెరకు పనికి తీసుకొచ్చిన ఓడ విశాఖ వైపు నుంచే వచ్చిందట. ఆయనకి మిగిలిన తెలుగు మాత్రం అంతే: తిండి పేర్లు, దేవుడి మాటలు, చుట్టరికాలు, తిట్లు. మిగతాదంతా ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం.

"దేనికి కావాలి అంకుల్, ఈ చెయ్యి?" అని అడిగాను.

"పూల్ ఆడటానికి."

ఆరు పాకెట్లున్న బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టే ఆట అది. కుడి చేత్తో కర్ర పట్టుకుంటే ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, కర్ర జారడానికి దారి చేస్తారు. ఆ చేతిని బ్రిడ్జ్ అంటారని ఆయనే చూపించారు. డెబ్భైల్లో ఆ చుట్టుపక్కల ఆయన్ని పూల్‌లో ఓడించినవాళ్ళు లేరని తర్వాత మెట్ల కింద షాపు ఆయన చెప్పాడు.

మొదటి రోజు ప్రతి కీలూ కొలుస్తాం. గోనియోమీటర్ అని ఒక సాధనం ఉంటుంది. రెండు స్కేళ్ళని ఒక చోట మేకుతో బిగించినట్టుంటుంది. దాంతో కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో, ఎంత చాపవచ్చో చూసి రాసుకుంటాం. ఆయన ఎడమ చిటికెన వేలు మధ్య కీలు దగ్గర కొక్కెంలా వంగి ఉంది. నేను సాగదీసినా కదల్లేదు. పదిహేనో ఏట చెరకు మిల్లులో గొలుసు కింద నలిగిందన్నారు. మా భాషలో అది ఫిక్స్‌డ్ డిఫార్మిటీ. ఎంత బలం పెట్టినా చాపలేని వేలు. నలభై డిగ్రీలు అని ఫైల్లో రాసుకున్నాను.

మూడో వారంలో ఆయన భార్య లచ్చమ్మి గారు కూడా వచ్చారు. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు.

"చదువమ్మా. మా ఇద్దరికీ అర్థమైంది నిజమో కాదో చూడు."

లండన్ నుంచి ఒక సినిమా పంపిణీ కంపెనీ, పాత ఒప్పందంలో ఉన్న వెరులం పూల్ హాలు చిరునామాకి రాసిన ఉత్తరం. 1974లో డర్బన్‌లో ఒక హోటల్లో తీసిన సినిమా అట. అందులో హీరో పూల్ ఆటగాడు. ముఖం తెల్లవాడైన హీరోది, ఆడిన చేతులు మాత్రం అప్పల్సామి గారివి. ఆ రోజుల్లో వర్ణవివక్ష కారణంగా ఇక్కడి సినిమాల్ని బయటి దేశాలు బహిష్కరించాయి కాబట్టి ఎవరూ కొనలేదు. ఇప్పుడు బహిష్కారం పోయింది. ఏవో దేశాల టీవీలు కొన్నాయి. పాత ఒప్పందంలో చేతుల మనిషికి అమ్మకాల్లో చిన్న వాటా రాసి ఉంది. చిన్నదైనా ఇన్ని దేశాలు కలిసేసరికి అది ఆయన ఫ్యాక్టరీ జీతం రెండేళ్ళది అయింది.

"ఇరవై రెండేళ్ళకి" అన్నారు లచ్చమ్మి గారు. "ఉంటున్న ఇల్లు మున్సిపాలిటీ వాళ్ళు అమ్ముతామంటున్నారు. దీంతో మా పేరు మీదికి వస్తుంది."

చిక్కల్లా గుర్తింపు దగ్గర వచ్చింది. ఒప్పందం మీద "సామీ" అని ఒక్క మాటే ఉంది. సినిమాలో ముఖం లేదు. డర్బన్‌లో కంపెనీ తరఫు లాయరు రుజువు అడిగితే, "నా వంకర వేలు సినిమాలో చూసుకోండి" అన్నారట ఈయన. అయితే ఆ వేలు పాత గాయమేనని, సినిమాలో చెయ్యి ఇదేనని చికిత్స చేస్తున్నవాళ్ళు ధ్రువపత్రం రాసి ఇవ్వాలన్నాడు లాయరు.

"సినిమా చూడకుండా ఎలా రాస్తాను ఆంటీ?"

"కేసెట్ పంపారు. ఆదివారం భోజనానికి రా."

ఆ ఆదివారం ఒట్టావాలో వాళ్ళింటికి వెళ్ళాను. చింతపండు పులుసుతో చేపల కూర తిన్నాక కేసెట్ పెట్టారు. హీరో చేతులు తెల్లగా ఉన్నాయి. "మణికట్టు దాకా క్రీము రాసి, పైన పౌడరు అద్దారు. ఎండిపోయి చర్మం లాగేది" అన్నారు అప్పల్సామి గారు. మొత్తం నాలుగు షాట్లలో చెయ్యి దగ్గరగా కనిపిస్తుంది. మొదటి మూడింట్లో చిటికెన వేలు కొక్కెంలా వంగే ఉంది. నాలుగోది సినిమా ఆఖర్లో వస్తుంది. అడ్డంగా ఉన్న బంతి చుట్టూ తెల్ల బంతి వంపు తిరిగి వెళ్ళి, మూలన ఉన్న నల్ల బంతిని పాకెట్‌లో వేస్తుంది. లచ్చమ్మి గారు ఆ షాట్ దగ్గర నా మోచెయ్యి పట్టుకున్నారు. చూడు అన్నట్టు.

నేను చూశాను. వేళ్ళన్నీ విడదీసి బల్ల మీద నిలబెట్టిన ఆ చేతికి చిటికెన వేలు మేకులా నిటారుగా ఉంది.

ఇంకోసారి చూస్తానని వెనక్కి తిప్పమన్నాను. అనుమానం లేదు. బొటనవేలు కూడా వేరు. చివర వెనక్కి విల్లులా వంగి ఉంది. అప్పల్సామి గారి బొటనవేలు అలా వంగదు, నేనే కొలిచాను. ఆయన టీవీ వైపు చూడటం లేదు. గుమ్మం బయట ఆరేసిన బట్టల్ని చూస్తున్నారు.

లచ్చమ్మి గారి ముందు అడగలేకపోయాను. బాగుందన్నాను. ఇంటికొచ్చాక కాగితం ముందు కూర్చుంటే ఒక దారి కనిపించింది. మూడు షాట్లలోని చెయ్యి ఈయనదేనని రాయొచ్చు. అది నిజమే. నాలుగోదాని సంగతి ఎత్తకుండా ఊరుకోవచ్చు. ఎవరూ అడగలేదు కదా. వాళ్ళకి ఇల్లు వస్తుంది, నాకూ ఏ ఇబ్బందీ ఉండదు. రెండు రోజులు ఆ రాతనే మనసులో దిద్దుకున్నాను.

మంగళవారం ఆయన ఒక్కరే వచ్చారు. కీళ్ళు సడలడానికి కరిగించిన మైనంలో చెయ్యి ముంచి, గుడ్డ చుట్టి, పక్కన కూర్చున్నాను.

"అంకుల్, నాలుగో షాట్‌లో చెయ్యి మీది కాదు."

చేతికి చుట్టిన గుడ్డ అంచు సర్దుకున్నారు. తర్వాత, "ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు" అన్నారు.

"ఎవరిది?"

"భెకిది."

భెకి జులూ మనిషి, ఇక్కడి నల్లజాతివాడు. వెరులంలో అప్పల్సామి గారు ఆడే పూల్ హాల్లో ఊడ్చే పని. అక్కడ ఆడటం అతనికి నిషిద్ధం. పొద్దున్నే హాలు తెరవకముందు ఇద్దరూ ఆడుకునేవాళ్ళు. "వాడు నాకంటే మంచి ఆటగాడు. అది వాడికీ నాకూ మాత్రమే తెలుసు" అన్నారు. షూటింగ్‌కి సామాన్లు మోయడానికని అతన్ని వెంట తీసుకెళ్ళారు. నాలుగో షాట్ పదిసార్లు కొట్టినా ఆయనకి పడలేదు. లైట్ల వేడికి పౌడరు కరిగి బల్ల బట్ట మీద పడుతోంది. డైరెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు ఈయనే అన్నారట, "ఇతను కొడతాడు" అని. డైరెక్టరు భెకి ముఖం కూడా చూడలేదు. చేతికి పౌడరు వెయ్యమన్నాడు.

"క్రీము, పౌడరు పడేసరికి వాడి చెయ్యి, నా చెయ్యి ఒకటే అయిపోయాయి. మొదటి దెబ్బకే వేశాడు. లాని ఒకడు ఐదు రాండ్లు వాడి చేతిలో పెట్టి పొమ్మన్నాడు." లాని అంటే ఇక్కడి మన వాళ్ళ మాటల్లో దొర, రాండు ఇక్కడి రూపాయి. "ఒప్పందం కాగితం నా ముందు పెట్టారు. వాడి పేరు కూడా రాయమంటే కాగితం చింపేస్తారని నాకు నేను చెప్పుకున్నాను. అడిగి చూడలేదు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఎనభైల్లో మన వాళ్ళకీ జులూలకీ గొడవలయ్యాక కలవలేదు. ఎన్‌డ్వెడ్వే కొండల వైపు వాళ్ళ ఊరు."

నేను ఇంట్లో కూర్చుని దిద్దుకున్న వాక్యం అప్పుడు నా నోట రాలేదు. "చూసింది చూసినట్టే రాస్తాను అంకుల్. మూడు మీవి, ఒకటి కాదు."

"అలా రాస్తే డబ్బు రాదు."

"రాకపోవచ్చు. కానీ ఇవాళే రాయను. లాయరు నెలాఖరు దాకా టైమిచ్చాడు కదా."

ఆయన తర్వాతి రెండు అపాయింట్‌మెంట్లకీ రాలేదు. నా మీద కోపం వచ్చిందనుకున్నాను. ఇంకో క్లినిక్‌కి వెళ్ళి ఉంటారని కూడా అనుకున్నాను. వాళ్ళింటి మీదుగా వెళ్ళే బస్సెక్కడానికి మొహం చెల్లేది కాదు.

రెండు వారాల తర్వాత శనివారం మధ్యాహ్నం మెట్ల మీద మూడు జతల అడుగులు వినిపించాయి. ముందు లచ్చమ్మి గారు, వెనక అప్పల్సామి గారు, ఆ వెనక పొడుగాటి ముసలాయన. కోటు, టై, చేతిలో టోపీ.

"సావుబోనా, డొకొటెలా" అన్నాడాయన. నమస్కారం, డాక్టరు గారూ అని.

"భెకి" అన్నారు అప్పల్సామి గారు. "వీడి చెయ్యి కూడా కొలువమ్మా."

కొలిచాను. చిటికెన వేలు పూర్తిగా చాపాడు. బొటనవేలు వెనక్కి విల్లులా వంగింది. రిసెప్షన్‌లో ఉన్న టీవీలో కేసెట్ పెట్టి పక్కన అతని చెయ్యి ఉంచి చూసుకున్నాను. భెకి ఆ సినిమా ఎప్పుడూ చూడలేదు. అది ఆడిన హాళ్ళలోకి అతనికి ప్రవేశం లేదు. నాలుగో షాట్ రెండుసార్లు చూసి, "మా అమ్మ చూస్తే ఈ చేతిని గుర్తుపట్టేది కాదు" అని నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత వాటా దగ్గర వాదన మొదలైంది.

"నేను కొట్టింది ఒక్క షాటు. నాలుగో వంతు చాలు" అన్నాడు భెకి.

"ఆ ఒక్కదాని కోసమే కొన్నారు వాళ్ళు. నావి మూడూ ఎవడైనా కొడతాడు" అన్నారు అప్పల్సామి గారు.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళింది నువ్వు."

"తీసుకెళ్ళాను. తీసుకెళ్ళి ఏం చేశానో కూడా చెప్పు."

భెకి టోపీ అంచు వేళ్ళతో తిప్పుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు లచ్చమ్మి గారు మాట్లాడారు. "భెకి మా వెనక గుమ్మం దగ్గర ఎన్నిసార్లు అన్నం తిన్నాడో నాకు లెక్కలేదు. వేరే ప్లేటు పెట్టేదాన్ని, ఎనామిల్‌ది. లోపలికి రమ్మని ఒక్కనాడూ అనలేదు. నేనూ అడిగి చూడలేదు." భర్త వైపు చూశారు. "సగం. ఇంక మాటల్లేవు."

"ఇల్లో మరి?" అన్నారాయన.

"సగం ఇల్లు వస్తాది. మిగతా సగానికి నెలనెలా కడదాం."

నేను రెండు ధ్రువపత్రాలు రాశాను. అప్పల్సామి గారు లాయరు దగ్గర ప్రమాణ పత్రం మీద జరిగిందంతా చెప్పి సంతకం పెట్టారు. జవాబు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ నాకు సరిగ్గా నిద్ర లేదు. చివరికి కంపెనీ వాళ్ళు ఒప్పందంలో ఒక్క పేరే ఉంది కాబట్టి ఒక్కరికే చెల్లిస్తామన్నారు. సినిమా టైటిల్స్‌లో రెండు పేర్లూ వేయమని అప్పల్సామి గారు అడిగితే, పాత ప్రింట్లు మార్చలేమని రాశారు. డబ్బొచ్చిన రోజు ఇద్దరూ కలిసి బ్యాంకుకి వెళ్ళారు. భెకి తన సగంతో మనవరాలిని నర్సింగ్ కాలేజీలో చేర్పించాడు. ఒట్టావా ఇంటికి వీళ్ళు ఇంకా ఆరేళ్ళు కిస్తీలు కట్టారు.

నా చికిత్స సంగతి కూడా చెప్పాలి. అది అంతంతమాత్రం. ఆయన మణికట్టు సగమే తిరిగొచ్చింది. తేలిక ఆటకి అది చాలన్నారు. శనివారాల్లో భెకి కొండ దిగి వచ్చేవాడు. ఇద్దరూ ఆడేవాళ్ళు. నేను చూసిన రెండుసార్లూ భెకే గెలిచాడు.

ఆ తర్వాత పాతికేళ్ళలో ఎన్నో ధ్రువపత్రాలు రాశాను. ఇన్సూరెన్సులకి, ఫ్యాక్టరీ ప్రమాదాలకి, కోర్టులకి. అడగకపోయినా చూసింది చూసినట్టే రాస్తాను. దానివల్ల నష్టపోయినవాళ్ళు ఉన్నారు. ఇద్దరు ఇప్పటికీ బజార్లో నన్ను చూసి తల తిప్పుకుంటారు. వాళ్ళ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కానీ ఒక్క పని మాత్రం తప్పకుండా చేస్తాను. కాగితం పంపేముందు ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఏం రాయబోతున్నానో ముందు తనకే చెప్పి, వీలైనన్ని రోజులు గడువిస్తాను. ఆ మంగళవారమే రాసి పంపేసి ఉంటే అప్పల్సామి గారు పట్టుబడిన మనిషిగా మిగిలిపోయేవారు. రెండు వారాలు చేతిలో ఉన్నాయి కాబట్టి, ముందు భార్యకి చెప్పుకుని, ఆ తర్వాత తనే బస్సెక్కి భెకిని వెతుక్కుంటూ కొండ మీదికి వెళ్ళారు.