విమానం పోయేదాకా ఎత్తిన వేలు

శంషాబాద్ బజారులో గడియారాలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. నేను ఆయన ముందు కూర్చున్నది ఒక్క పూటే, అయినా మరిచిపోలేదు. దుకాణం మీదుగా విమానం పోతే చాలు, మాట మధ్యలోనైనా చూపుడువేలు పైకెత్తి అందరినీ ఆపేసేవాడు. మోత పోయాకే గడియారాన్ని చెవికి ఆనించుకునేవాడు.

చనిపోయిన మా బాపు చేతిగడియారం ఏళ్లుగా ఆగిపోయి ఉంది. పట్నంలో చూపిస్తే, లోపలి మిషను పారేసి కొత్తది వేస్తామన్నారు. అప్పుడిక అందులో బాపుది ఏం మిగులుతుంది? భయంభయంగా ఈయన దగ్గరికి తెచ్చాను.

వెనక మూత తీయగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"అక్కా, ఇది టిక్కుటిక్కు అనేది కాదు, పాడేది! గీ రెండు కాళ్లది, పట్టకారు లెక్క ఉన్నది చూడు. సెల్లు కరెంటుతోటి ఈ తీగచుట్టలు దాన్ని వణికిస్తయి. అది వణికినప్పుడల్లా ఈ సన్నటి పుల్ల పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను జరుపుతది."

"మరెందుకు ఆగిందన్నా?"

"చూడాలె. చుట్టల తీగ వెంట్రుక కన్న సన్నం. అది తెగితే ఇగ నాతోటి కాదు."

మీటరు పెట్టి చూశాడు. తీగ తెగలేదు! సెల్లు కూర్చునే చోట పట్టిన చిలుము గీకి, కొత్త సెల్లు వేశాడు. సరిగ్గా అప్పుడే విమానం. వేలు లేచింది. మోత తగ్గాక ముందు తను విని, నవ్వి, నా చెవికి పెట్టాడు. అచ్చం తుమ్మెద రొద! సెకన్ల ముల్లు నీళ్లలా జారుతోంది.

నేను చెయ్యి చాపేలోపే ఆయన గడియారంతో ఎదుటి చాయ్ బండి దగ్గరికి ఉరికాడు.

"ఓ చాయన్నా, జర చెవి ఇటియ్యి! గిట్ల పాడే గడియారం ఎన్నడన్న విన్నవా?"

బజారంతా విన్నాకే మా బాపు గడియారం నా చేతికి వచ్చింది.