పాతరలో ఆరిన దీపం

పామిడి దగ్గర మేము అమ్ముకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం అయిందని మా చిన్నాన్న మనవరాలు గత నెల ఫోన్‌కు ఒక ఫోటో పంపింది. అమ్ముకున్న ఇంటి గడప తొక్కకూడదని యాభై ఏళ్లుగా బిగదీసుకుని ఉన్నవాణ్ణి. అయినా ఫోటోలో ఒక మూల పాతర మూతరాయి కనబడగానే, వారం తిరక్కుండా బస్సెక్కాను.

టికెట్టు కొనుక్కుని లోపలికి పోయాను. ఇది మా ఇల్లని చెప్పుకోలేదు. కదిరి నుంచి వచ్చిన మేష్టరు దంపతులతో కలిపి నన్ను తిప్పి చూపించిన మ్యూజియం ఆవిడకు యాభైకి కాస్త తక్కువుంటాయి. మా తాత కుర్చీలో కూర్చోబోతే, "పెద్దాయనా, అది కూర్చునేది కాదు, చూసేది" అంది. ఆ ఇంట్లో నన్ను అట్లా ఆపినవాళ్లు అంతవరకూ లేరు. నడుం నిటారు చేసుకుని ఆమె వెనకే నడిచాను. సున్నం వాసన, గబ్బిలాల వాసన. చివరికి నడవలోని పాతర దగ్గరికి వచ్చాం.

పాతరంటే జొన్నలు దాచే లోతైన గొయ్యి. మూసి ఉన్నన్నాళ్లూ లోపల గాలి చెడిపోతుంది. అందుకని మూత తీసి రెండు రోజులు వదిలేసి, దీపం దించి చూస్తారు. దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. యాభై ఏళ్ల కిందట ఒక కరువు ఏడు తాత మంచం పట్టాడు. అనంతపురంలో చదువుకుంటున్న నన్ను పెత్తనానికి పిలిపించారు. మూత తీసి ఒక రాత్రే అయింది. తెల్లారేసరికి ఊరి జనం జొన్నల కోసం గంపలతో వాకిట్లో నిలబడి ఉన్నారు. దించిన దీపం ఆరిపోయింది. ఎప్పుడూ దిగే మా సేద్యగాడు రేపు దిగుతానన్నాడు. అంతమంది ముందు నా మాట పోతుందని, "గాలికి ఆరిందిలే, దిగు" అన్నాను. నడుముకు తాడు కట్టుకుని దిగాడు. కాసేపటికి పిలిస్తే పలకలేదు. పైకి లాగితే తల వాలిపోయి ఉంది. బండిలో వేసి పామిడి ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను పరీక్షలని చెప్పి మర్నాడే ఊరు వదిలాను. ఆ ఏడే తాత పోయాడు, ఇల్లు అమ్ముడుపోయింది. అతనేమయ్యాడని ఎవరినీ అడగలేదు. అడిగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాను. ఎవరూ చెప్పకపోవడంతో పోయాడనే అనుకున్నాను.

ఇది జైలా అని మేష్టరు అడిగాడు. ఆమె నవ్వి, "అందరూ అట్లే అడుగుతారప్పా. జొన్నల పాతర. మా నాయన దీంట్లోనే పడిపోయినాడు" అంది.

"ఆ తర్వాత?" అన్నాను.

"ఆ తర్వాత ఏముండాది? రెండు దినాలు ఆసుపత్రిలో ఉండి లేసి వచ్చినాడు. నేను పుట్టిందే దాని తర్వాత. నా మనవణ్ణి కూడా ఎత్తుకుని, నాలుగేండ్ల కిందట వయసయిపోయి పోయినాడు."

అక్కడితో వెళ్లిపోవచ్చు. కానీ నోరు ఊరుకోలేదు. "దిగమన్నది నేనే" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వేనా సామీ? వాన రాకున్నా, ఎద్దు కుంటినా మా నాయన నిన్నే తిడుతాండె. ఈ పొద్దుకు మొగం చూసినా." తర్వాత, ఎండలో వచ్చినావు కదా అని తాగడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తిరుగు బస్సులో ఎంతో కాలానికి సీటుకు నడుం వాల్చి కూర్చున్నాను. నేను అతని చావును మోసుకు తిరిగిన ఆ ఏళ్లన్నీ, అతను హాయిగా నన్ను తిట్టుకుంటూ బతికిన ఏళ్లే.