చేతికి వినిపించే సిగ్నల్

లైట్ల మేస్త్రీ అంటే ట్రాఫిక్ పోలీసుల దగ్గర్నుంచి బస్సు డ్రైవర్ల దాకా అందరికీ తెలుసు. పురపాలక కార్యాలయంలో సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగం ఆయనది. నలభై కూడళ్ళు, నలభై ఇనప పెట్టెలు, నడుముకు వేలాడే తాళాల గుత్తి, ముప్పై ఏళ్ళ సర్వీసు. ఏ పెట్టెలో ఏ తీగ వదులుగా ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఇంట్లో మాత్రం కుర్చీలోంచి కదిలేవాడు కాదు. "లేచి మంచినీళ్ళు తెచ్చుకోవడానికి కూడా మీకు పచ్చదీపం వెలగాలా?" అని భార్య దెప్పుతుండేది.

ఒకరోజు ఉదయం ఆస్పత్రి కూడలిలో నిచ్చెనెక్కి దీపం మారుస్తుంటే కింద నుంచి ఒకాయన పలకరించాడు. ఆయన ఆ ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. చూపు లేదు. చేతిలో తెల్లకర్ర.

"పైనున్నది మేస్త్రీ గారేనా? తాళాల చప్పుడైతే మీరేననుకున్నా."

"నేనేనండీ. జాగ్రత్త, నిచ్చెనుంది."

"నిచ్చెనతో భయం లేదండీ, పెట్టినచోటే ఉంటుంది. బళ్ళతోనే బాధంతా. ఇన్నాళ్ళూ చప్పుడు విని దాటేవాణ్ణి. ఇప్పుడు కరెంటు బళ్ళొచ్చాయి, మీదికొచ్చేదాకా తెలియట్లేదు. మీరు దీపాలకి ఎన్ని రంగులు పెడితే నాకేం లాభం చెప్పండి?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. మేస్త్రీకి నవ్వు రాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ సంగతి ఒక్కసారైనా తనకెందుకు తట్టలేదా అని రోజంతా మథనపడ్డాడు. మర్నాడే అర్జీ రాసి ఇంజినీరు బల్లమీద పెట్టాడు. రెండేళ్ళు ఆ కాగితం వెనకాల కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి ఆస్పత్రి కూడలికి చప్పుడు చేసే పెట్టెలు వచ్చాయి. పాదచారులకు పచ్చదీపం వెలగగానే అవి కీచుమని మోగేవి. మొదటిరోజు ఆపరేటరు ఏ పనీ లేకపోయినా అటూ ఇటూ నాలుగుసార్లు రోడ్డు దాటాడు. మేస్త్రీ ఆ పూట ఇంటికి వెళ్ళి, భార్య చెప్పకుండానే నీళ్ళు తెచ్చుకున్నాడు.

నెల తిరక్కముందే ఒకావిడ కార్యాలయానికి వచ్చింది. ఆమె మేనకోడలికి ఇరవై నాలుగేళ్ళు, ఆటిజం ఉంది. ఆస్పత్రి ఎదురుగా ఉన్న బైండింగ్ షాపులో పుస్తకాలు కుడుతుంది. ఆ షాపులో అంత సూటిగా కుట్టు వేసేవాళ్ళు ఇంకొకరు లేరట.

"మూడు వారాలైందండీ అది పనికెళ్ళి. మీ పెట్టె మోగితే చెవులు మూసుకుని ఫుట్‌పాత్ మీదే కూలబడిపోతోంది. రోజూ బయల్దేరుతుంది, సగం దారిలో వెనక్కొస్తుంది."

"అంత చిన్న చప్పుడుకేనా అమ్మా?" అన్నాడు మేస్త్రీ నమ్మలేక.

"ఒకసారి ఇంటికొచ్చి చూడండి."

ఆ సాయంత్రం వెళ్ళాడు. అమ్మాయి గోడవైపు తిరిగి కూర్చుని, దారం చివర్లు సమానంగా కత్తిరిస్తోంది. మధ్యమధ్య భుజం పైకెత్తి చెవికి ఆనించుకుంటోంది. ఆయన్ని చూడకుండానే, "లైటు ఏడుస్తోంది," అంది.

"వారం నుంచి ఇదే మాటండీ. నాకైతే ఏమీ వినపడదు," అంది అత్త.

మేస్త్రీ బల్ల మీదికెక్కి ట్యూబులైటు దగ్గర చెవి పెట్టాడు. చోక్ సన్నగా గుంయ్‌మంటోంది. అలాంటి రొద మధ్యే బతికిన మనిషి కాబట్టి ఆయన చెవికి అది ఎప్పుడో ఆనడం మానేసింది. సంచిలోంచి కొత్త చోక్ తీసి బిగించాడు. లైటు వెలిగింది. గది నిశ్శబ్దమైంది. అమ్మాయి భుజం నెమ్మదిగా కిందికి దిగింది.

"ఇప్పుడు బాగుంది మావయ్యా," అంది.

ఆ మాటతో ఆయన మనసు కరిగిపోయింది. మర్నాడు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, కూడలిలో పెట్టెల చప్పుడు సగానికి తగ్గించాడు. మంచిపని చేశాననే అనుకున్నాడు.

నాలుగు రోజులకు ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. రెండు బస్సులు పక్కపక్కన ఆగి ఇంజన్లు రొద పెడుతుంటే ఆపరేటరుకు సిగ్నల్ వినపడలేదు. మోగిందేమోననుకుని అడుగు ముందుకేశాడు. వచ్చే కారు బ్రేకు వేసింది గానీ తెల్లకర్ర చక్రం కింద నలిగిపోయింది. మనిషికి దెబ్బ తగల్లేదు.

మేస్త్రీ పరుగున వెళ్ళి ఆపరేటరు ముందు నిలబడ్డాడు. "తప్పు నాదేనండీ. నేనే తగ్గించాను," అని జరిగిందంతా చెప్పాడు.

ఆపరేటరు హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టాడు. "ఆ అమ్మాయి బాధ నిజమే కావచ్చు. కానీ నన్నొక మాట అడగొద్దా? చప్పుడు పెట్టినప్పుడు ఆ పిల్లనడగలేదు. తగ్గించేటప్పుడు నన్నడగలేదు. మా రోడ్డు గురించి మమ్మల్ని తప్ప అందర్నీ అడుగుతారేమండీ?"

మేస్త్రీ అప్పటికప్పుడు చప్పుడు తిరిగి పెంచాడు. బళ్ళు పలచగా ఉండే ఆదివారం పొద్దున పెట్టెలు కాసేపు ఆపి, ఆపరేటరునూ, అమ్మాయినీ, ఆమె అత్తనూ కూడలికి పిలిచాడు. రకరకాల చప్పుళ్ళు చేసే చిన్న యంత్రాన్ని బైండింగ్ షాపు అరుగు మీద పెట్టి ఒక్కొక్కటే వినిపించాడు. మొదటిదానికి అమ్మాయి లేచి దూరంగా వెళ్ళిపోయింది. రెండోది "గీరుతోంది" అంది. మూడోది చెక్కమీద వేలితో కొట్టినట్టు టక్ టక్‌మంది. ఆమె కదల్లేదు.

"ఇది నాకూ నచ్చింది. కానీ బస్సొస్తే మునిగిపోతుంది," అన్నాడు ఆపరేటరు.

"బస్సున్నప్పుడే పెరిగేలా చెయ్యొచ్చు. బళ్ళు లేకపోతే దానంతటదే తగ్గుతుంది," అన్నాడు మేస్త్రీ.

"అయినా నాకు అనుమానం తీరదండీ. ఒకసారి కర్ర పోగొట్టుకున్నవాణ్ణి."

అమ్మాయి అప్పటిదాకా సిగ్నల్ స్తంభం మీద అరచెయ్యి ఆనించి ఉంది. "షాపులో కటింగ్ మిషను ఆగిందో లేదో నేను చేత్తో చూస్తాను. చప్పుడు చేతికి పెట్టండి," అంది.

ముందు అందుకున్నది ఆపరేటరే. "అదీ మాట! దాటడానికి నొక్కే బటను కింద ఏదైనా వణికితే చాలు, నాకు బస్సుల గోలతో పనేలేదు."

ఇంజినీరు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఇద్దరి కోసం ఇంత పనా?" అన్నాడు. మేస్త్రీ ఈసారి ఆపరేటరును వెంటబెట్టుకునే వెళ్ళాడు.

"ఇద్దరమేనని ఎవరు లెక్కేశారు సార్? దాటలేనివాళ్ళు ఇళ్ళల్లో ఉంటారు. రోడ్డు మీద నిలబడి చూస్తే ఎలా కనపడతారు?"

ఇంజినీరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఒక్క కూడలికి, ప్రయోగంగా అని రాసి సంతకం పెట్టాడు.

అది అమరడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా అమ్మాయి చుట్టు తిరిగి, పై వంతెన మీదుగా అత్తతో పనికి వెళ్ళింది. టక్ టక్‌మంటూ, బటను కింద వణికే కొత్త పెట్టెలు బిగించిన వారం అత్త చెయ్యి పట్టుకుని కూడలి దాటింది. తర్వాతి వారం అత్త ఇవతల ఒడ్డునే ఉండిపోయింది. అమ్మాయి బటను కింద అరచెయ్యి పెట్టి, వణుకు తగలగానే దిగి, వెనక్కి చూడకుండా అవతలికి వెళ్ళిపోయింది. "నాకు చెయ్యైనా ఊపలేదు చూడండి!" అని అత్త కళ్ళు తుడుచుకుంటూ మేస్త్రీతో ఫిర్యాదు చేసింది.

ఆయన పదవీ విరమణ చేసేనాటికి పదకొండు కూడళ్ళు అలా మారాయి. మిగతావి మారలేదు. రైల్వే స్టేషను దగ్గరి పెట్టె ఇంకా కీచుమంటూనే ఉంది, అమ్మాయి అటువైపు వెళ్ళదు. ఆ లోటు ఆయన్ని వదల్లేదు. కానీ కొత్త సిగ్నల్ పెట్టేముందు దాన్ని వాడేవాళ్ళను పిలిచి అక్కడ నిలబెట్టి అడగాలని ఇంజినీరు ఉత్తర్వు రాయించాడు. ఆ పనికి ఇప్పటికీ మేస్త్రీనే పిలుస్తారు.

మొన్న కూరగాయల మార్కెట్టు దగ్గర కొత్త సిగ్నల్ పెట్టే చోటికి చక్రాల కుర్చీలో ఒక దర్జీ వచ్చాడు. బటను తన చేతికి అందేదానికన్నా జానెడు ఎత్తున ఉందన్నాడు. మేస్త్రీ ఊరికే తలూపలేదు. పక్క దుకాణం నుంచి పొట్టి స్టూలు తెప్పించి, దానిమీద కూర్చుని, దర్జీ భుజానికి భుజం ఆనించి చెయ్యి చాచాడు. అందలేదు. దర్జీ జేబులోంచి టేపు తీసి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి కొలవడం మొదలుపెట్టారు.